స్పార్క్ ప్లగ్ గ్యాప్: వెంట్రుకవాసి మారిస్తే పికప్ పెరుగుతుందా?

కల్వకుర్తి, అచ్చంపేట దాకా సాఫీగా వచ్చిన పెట్రోలు కారు, దోమలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ దగ్గరికి దిగి, అవతలి వైపు సున్నిపెంట ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం కుదుపులిస్తుంది. లోపల ఐదుగురున్నారు, ఏసీ నడుస్తోంది, బండి మూడో గేరులో ఉంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంది, అంటే మధ్యమధ్యలో నిప్పు తప్పి తడబడుతుంది. తిరిగొచ్చాక మహబూబ్‌నగర్‌లోనో, నల్గొండలోనో షెడ్డుకు తీసుకెళితే సాధారణంగా వినిపించే మొదటి మాట: "ప్లగ్గులు విప్పి గ్యాప్ సెట్ చేద్దాం."

ఆ మాట తప్పేమీ కాదు. ఘాట్‌లో మాత్రమే వచ్చే మిస్సింగ్‌కు ప్లగ్ గ్యాప్, అంటే స్పార్క్ ప్లగ్గు కొన దగ్గర నిప్పురవ్వ దూకే సందు, ఒక బలమైన కారణమే. చిక్కంతా ఆ తర్వాత మొదలవుతుంది. గ్యాప్ పెంచితే నిప్పురవ్వ పెద్దదై పికప్ పెరుగుతుందని ఒకరు, తగ్గిస్తే స్టార్టింగ్ సులువని మరొకరు, 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వచ్చాక పాత కొలత పనికిరాదని ఇంకొకరు చెబుతున్నారు. మైలేజ్ తగ్గిందన్న బాధ బండి ఉన్న ప్రతి ఇంట్లో వినిపిస్తున్న రోజులివి. ఖర్చు లేకుండా పది నిమిషాల్లో అయిపోయే ఈ పని మీద అందరి చూపూ పడటం సహజమే.

క్లుప్తంగా

ప్లగ్ గ్యాప్ అనేది ఇంజిన్ శక్తిని పెంచే మీట కాదు. అరిగి పెరిగిపోయిన గ్యాప్‌ను కంపెనీ చెప్పిన అంకెకు తెస్తే, పోయిన పికప్, మైలేజ్ తిరిగి వస్తాయి. ఆ అంకెను దాటి పెంచినా, అంతకన్నా తగ్గించినా ఇంజిన్ ఏదో ఒక చోట ఇబ్బంది పడుతుంది. ఈ20 వల్ల తగ్గే మైలేజ్‌కు కారణం ఇంధనంలో ఉంది, ప్లగ్గులో కాదు. ఇరిడియం, ప్లాటినం ప్లగ్గుల గ్యాప్‌ను షెడ్డులో మార్చకపోవడమే మేలు. డీజిల్ బండ్లకు, ట్రాక్టర్లకు ఈ చర్చే వర్తించదు. వాటిలో స్పార్క్ ప్లగ్ ఉండదు. కొన్నింటిలో స్టార్టింగ్‌కు వేడినిచ్చే గ్లో ప్లగ్ ఉంటుంది, దానికి గ్యాప్ ఉండదు.

హాక్సా బ్లేడు కొలత

పాత షెడ్డుల్లో ప్లగ్ గ్యాప్ పెట్టే తీరు చాలామందికి తెలిసినదే. ప్లగ్ విప్పి, కొనకు పట్టిన మసిని ఉప్పు కాగితంతో రుద్దుతారు. విరిగిన హాక్సా బ్లేడు ముక్కను మధ్య ఎలక్ట్రోడ్‌కూ, దాని మీదికి వంగి ఉండే కొక్కేనికీ నడుమ దూరుస్తారు. వదులుగా ఉంటే ప్లగ్గును తలకిందులు చేసి సిమెంటు గచ్చు మీద మెల్లగా తడతారు. కొక్కెం కాస్త వంగుతుంది. మళ్లీ బ్లేడు పెట్టి చూస్తారు. బ్లేడు పట్టీ పట్టనట్టు జారితే పని అయినట్టే.

ఇది గుడ్డి అలవాటు కాదు. చేతి హాక్సా బ్లేడు మందం సుమారు 0.65 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో వెయ్యింట 25 వంతులు. అంబాసిడర్, పద్మిని లాంటి కార్లు రోడ్డు మీద ఉన్న కాలంలో ప్లగ్గులకు కావలసింది ఇంచుమించు ఆ కొలతే. అప్పటి ఇంజిన్లలో వోల్టేజీని పెంచే కాయిల్‌కు కరెంటు ఇచ్చి ఆపే పని సీబీ పాయింట్లు అనే స్విచ్చు లాంటి భాగాలు చేసేవి. పాయింట్ల గుండా ఎక్కువ కరెంటు పంపితే అవి కాలిపోతాయి కాబట్టి కాయిల్ బలం పరిమితంగానే ఉండేది. బలం తక్కువ కాబట్టి నిప్పురవ్వ దూకాల్సిన దూరమూ తక్కువ పెట్టారు.

తర్వాత పాయింట్లు పోయి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది. ఇప్పటి చాలా పెట్రోలు కార్లలో ఒక్కో ప్లగ్గు నెత్తిన ఒక్కో కాయిల్ ఉంటుంది. 30 వేల వోల్టులకు పైగా ఇవ్వగల సత్తా దానికి ఉంది. అందుకే టర్బో లేని చాలా ఇంజిన్లకు కంపెనీలు 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల దాకా గ్యాప్ చెబుతున్నాయి. 1.1 కావలసిన ప్లగ్గుకు హాక్సా బ్లేడుతో 0.65 పెడితే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది కూడా. కానీ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. మేస్త్రీ చేతి నైపుణ్యంలో లోపం లేదు, కొలబద్ద పాతబడింది. ఆ బ్లేడు స్థానంలో, మందం అంకె రాసి ఉన్న పలచని రేకుల ఫీలర్ గేజ్ ఉంటే సగం సమస్యలు అక్కడే తీరిపోతాయి.

ఆ సందులో జరిగేది

బ్యాటరీ 12 వోల్టులు ఇస్తుంది. కాయిల్ దాన్ని వేల వోల్టులకు పెంచుతుంది. చాలామంది అనుకునేదేమిటంటే, కాయిల్ ప్రతిసారీ తన దగ్గరున్న పూర్తి వోల్టేజీని ప్లగ్గుకు కొడుతుందని. అలా జరగదు. వోల్టేజీ సున్నా నుంచి ఎగబాకుతూ వెళ్తుంది. ఏ క్షణంలో సందులోని వాయువు తట్టుకోలేక కరెంటుకు దారి ఇస్తుందో, అక్కడితో ఎగబాకడం ఆగి నిప్పురవ్వ పుడుతుంది. దారి 12 వేల దగ్గర దొరికితే 12 వేలే, 25 వేల దగ్గర దొరికితే 25 వేలే. ఆ అంకెను నిర్ణయించేది సందే, దానిలోని వాయువే.

జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ పాషెన్ 1889లో తేల్చిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది. వాయువు గుండా కరెంటు దూకడానికి కావలసిన వోల్టేజీ రెండింటి గుణకారం మీద ఆధారపడుతుంది. ఒకటి రెండు కొనల మధ్య దూరం, రెండోది వాయువు పీడనం. బయట గాలిలో ఒక మిల్లీమీటరు దూకడానికి దాదాపు 3 వేల వోల్టులు చాలు. సిలిండర్‌లో పిస్టన్ పైకొచ్చి పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని నొక్కిపెట్టాక, అదే మిల్లీమీటరుకు 10 వేల నుంచి 20 వేల వోల్టుల దాకా కావాలి. విప్పిన ప్లగ్గును ఇంజిన్ బాడీకి ఆనించి, సెల్ఫ్ కొట్టి, "నిప్పు బాగానే వస్తోంది" అని చెప్పడం ఎందుకు నమ్మదగిన పరీక్ష కాదో దీన్నిబట్టి అర్థమవుతుంది. బయట దూకిన రవ్వ లోపల దూకుతుందని హామీ లేదు. పైగా ఇప్పటి ఎలక్ట్రానిక్ కాయిళ్లకు ఆ పరీక్షే చేటు. ప్లగ్గు సరిగ్గా బాడీకి తగలకపోతే కాయిల్ లోపలే దెబ్బతినవచ్చు.

ఒక్కో నిప్పురవ్వ బతికేది సెకనులో వెయ్యో వంతు, మహా అయితే రెండు వంతులు. కాయిల్‌లో నిల్వ ఉన్న శక్తి ఒక లెక్క ప్రకారమే ఉంటుంది. సందు దూకడానికే దానిలో ఎక్కువ భాగం ఖర్చయితే, రవ్వ నిలబడి మంటను అంటించడానికి మిగిలేది తక్కువ. గ్యాప్ పెంచితే "పెద్ద నిప్పు" వస్తుందన్న మాట సగమే నిజమయ్యేది ఇందుకే. రవ్వ పొడుగవుతుంది, దాని ఆయుష్షు తగ్గుతుంది.

ఐడ్లింగ్ కోరేది ఒకటి, ఘాట్ కోరేది మరొకటి

కంపెనీ ఇంజనీర్లు ఆ అంకెను ఎలా ఎంచుకుంటారన్నది ఈ మొత్తం విషయానికి గుండెకాయ.

బండి ఆగి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు సిలిండర్‌లోకి వచ్చే గాలి, పెట్రోలు చాలా తక్కువ. పోయినసారి కాలిన పొగ కొంత లోపలే మిగిలి దానితో కలుస్తుంది. ఇలాంటి పలచని మిశ్రమానికి నిప్పంటించడం కష్టం. పుట్టిన మంట మొదట్లో గుండుసూది తలంత ఉంటుంది. దాని రెండు వైపులా లోహపు ఎలక్ట్రోడ్లున్నాయి, వేడిని అవి లాగేసుకుంటాయి. సందు మరీ ఇరుకైతే మంట పెరగకముందే చల్లారుతుంది. కాబట్టి ఐడ్లింగ్‌కు సందు వెడల్పుగా ఉండటమే మంచిది.

ఘాట్‌లో పరిస్థితి తిరగబడుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కారు, సిలిండర్ నిండా గాలి చేరింది, పిస్టన్ దాన్ని నొక్కింది. మిశ్రమం చిక్కగా ఉంది కాబట్టి చిన్న రవ్వకే భగ్గుమంటుంది. కానీ పీడనం ఎక్కువ కాబట్టి ఆ చిన్న రవ్వ పుట్టడానికే బోలెడు వోల్టేజీ కావాలి. ఇక్కడ సందు వెడల్పుగా ఉంటే కాయిల్ చేతులెత్తేస్తుంది. రవ్వ పుట్టదు, లేదా ప్లగ్గు పక్కనున్న రబ్బరు తొడుగును చీల్చుకుని ఇంజిన్ బాడీకి దూకుతుంది. ఘాట్‌లో మాత్రమే కుదుపు, జాతీయ రహదారి మీద ఏమీ లేదు అనే లక్షణానికి మూలం ఇదే. ఎక్కువ గేరులో, తక్కువ స్పీడులో, యాక్సిలరేటర్ బాగా తొక్కినప్పుడు ప్లగ్గు మీద భారం అత్యధికం.

ఒకే ప్లగ్గు ఈ రెండు పరిస్థితుల్లోనూ పని చేయాలి. కంపెనీ చెప్పే 0.9 లేదా 1.1 ఈ రెంటి మధ్య కుదిరిన రాజీ. ఆ కాయిల్ బలం, ఆ కంప్రెషన్, ఆ ఇంధనం అన్నీ లెక్కలోకి తీసుకున్న అంకె అది. టర్బో పెట్రోలు ఇంజిన్లలో గాలిని ముందే నొక్కి పంపుతారు కాబట్టి పీడనం ఇంకా ఎక్కువ. వాటికి గ్యాప్ తరచూ 0.7, 0.8 దగ్గరే ఉంటుంది. పక్కింటివాళ్ల కారుకు 1.1 అని మన టర్బో కారుకూ అదే పెట్టించడం నష్టమే.

"0.2 మిల్లీమీటర్లు ఎంతని?" అనిపించవచ్చు. ప్రింటర్లో వాడే మామూలు తెల్లకాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. రెండు కాగితాల మందం పెరిగితే, కాయిల్ దాదాపు అయిదో వంతు అదనంగా కష్టపడాలి. ఘాట్‌లో ఆ అయిదో వంతే మిస్సింగ్‌కూ, సాఫీ ప్రయాణానికీ మధ్య గీత గీస్తుంది.

గ్యాప్ దానంతటదే పెరుగుతుంది

నల్గొండ నుంచి హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. 80 స్పీడులో, ఇంజిన్ నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతుంటే, ఒక్కో ప్లగ్గు నిమిషానికి 1,200 సార్లు రవ్వ కొడుతుంది. గంటా పావు ప్రయాణంలో 90 వేల సార్లు. ప్రతి రవ్వా ఎలక్ట్రోడ్ నుంచి కంటికి కనిపించనంత లోహాన్ని ఎగరగొట్టుకుపోతుంది. వేల కిలోమీటర్లకు సందు పెరుగుతుంది.

సందు ఒక్కటే కాదు, ఆకారమూ మారుతుంది. కొత్త ప్లగ్గు మధ్య ఎలక్ట్రోడ్ అంచులు పదునుగా ఉంటాయి. పదునైన అంచు నుంచి రవ్వ తేలిగ్గా దూకుతుంది. అరిగిన ప్లగ్గు అంచులు గుండ్రంగా, నదిలో దొరికే గులకరాయిలా నున్నబడతాయి. అలాంటి ప్లగ్గుకు గ్యాప్ సరిగ్గా పెట్టినా కొత్తదానికన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి. కొక్కెం వంచి గ్యాప్ తగ్గించడం కొంతకాలమే ఆదుకుంటుంది. అంచులు గుండ్రబడ్డాక మార్చడమే సరైన పని.

మామూలు నికెల్ ప్లగ్గులు బండిని బట్టి 20 వేల నుంచి 40 వేల కిలోమీటర్ల దాకా వస్తాయి. నికెల్ 1,455 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, ప్లాటినం 1,768 దగ్గర, ఇరిడియం 2,446 దగ్గర. ఇరిడియం ప్లగ్గులు 80 వేలు, లక్ష కిలోమీటర్లు నడవడానికి ఆ గట్టిదనమే కారణం. కొన సన్నగా ఉండటం వల్ల తక్కువ వోల్టేజీకే రవ్వ దూకడం వాటి రెండో లాభం. అయితే ఇరిడియం వేస్తే హార్స్‌పవర్ పెరుగుతుందని ఆశించడం సరికాదు. బాగున్న నికెల్ ప్లగ్గుతో పోలిస్తే డ్రైవర్‌కు తేడా తెలియడం అరుదు. తేడా ఉండేది మన్నికలో.

రెండు ప్లగ్గులకు ఒకే కాయిల్ ఉండే కార్లలో ఒక విశేషం ఉంది. ఒక ప్లగ్గులో కరెంటు మధ్య నుంచి కొక్కేనికి దూకితే, దాని జత ప్లగ్గులో కొక్కెం నుంచి మధ్యకు దూకుతుంది. కాబట్టి అరుగుదల ఒక్కో దాంట్లో ఒక్కో వైపు ఎక్కువ. విప్పిన నాలుగింటినీ ఒక గుడ్డలో కలిపేయకుండా, ఏ సిలిండర్‌ది ఏదో గుర్తుపెట్టి వరసగా ఉంచితే ఇంజిన్ లోపలి సంగతులు చాలా తెలుస్తాయి. ఒకటే నల్లగా, నూనె తడితో ఉండి మిగతావి లేత గోధుమ రంగులో ఉంటే, సమస్య ప్లగ్గుది కాదు, ఆ సిలిండర్‌ది.

మిస్సింగ్ మైలేజ్‌ను ఎలా తింటుంది

ఒకసారి రవ్వ తప్పితే ఆ సిలిండర్‌లోని పెట్రోలు కాలకుండా సైలెన్సర్ వైపు పోతుంది. నష్టం అంతటితో ఆగదు. పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్‌కు వాడకుండా మిగిలిన ఆక్సిజన్ కనిపిస్తుంది. పెట్రోలు తక్కువైందేమోనని అది కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ అన్ని సిలిండర్లకూ ఇంకాస్త పెట్రోలు పెంచుతుంది. అసలు లోపం నిప్పులో ఉంటే, మందు ఇంధనంలో పడుతుంది. ప్లగ్గులు అరిగిన బండి మైలేజ్ మెల్లమెల్లగా పడిపోయే దారుల్లో ఇది ఒకటి.

కాలని పెట్రోలు, పొగను శుభ్రపరిచే కాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది. కన్వర్టర్ లోపలి తేనెపట్టు లాంటి పింగాణి అతిగా వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలిగి నిలిచి ఉంటే షెడ్డుకు చేరే దాకా నెమ్మదిగా నడపవచ్చు. అదే లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం కన్వర్టర్‌కు హాని జరిగేంత మిస్సింగ్ ఉందని అర్థం. అప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు తగ్గించి, వీలైనంత త్వరగా బండి ఆపాలి. స్కానర్ పెడితే పీ0300 అనే కోడ్ వస్తే మిస్సింగ్ పలు సిలిండర్లలో ఉన్నట్టు, పీ0301 వస్తే ఒకటో సిలిండర్‌లో ఉన్నట్టు. వందల్లో అయిపోయే ప్లగ్గుల ఖర్చును వాయిదా వేస్తే, కాయిళ్లు, కన్వర్టర్ రూపంలో అది వేలల్లోకి వెళ్తుంది.

ఈ20, సీఎన్జీ, మే నెల ఎండ

లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. 20 శాతం ఇథనాల్ కలిపితే మొత్తం మీద తగ్గేది 6, 7 శాతం. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదిక కూడా, ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి ఈ10కు ట్యూన్ చేసిన కార్లలో ఈ20 వాడితే మైలేజ్ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని, ఈ10కు రూపొందించి ఈ20కి ట్యూన్ చేసిన కార్లలో 1 నుంచి 2 శాతమేనని అంచనా వేసింది. ఇంధనంలోనే లేని శక్తిని ప్లగ్ గ్యాప్ పుట్టించలేదు. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే బండి 17 ఇస్తే అది ఇంధనం తేడా కావచ్చు. 13కు పడిపోతే మాత్రం ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, టైర్ల గాలి, బ్రేకుల పట్టు చూడాల్సిందే. అన్నిటినీ ఈ20 ఖాతాలో వేసి ఊరుకుంటే అసలు లోపం దాగిపోతుంది.

సీఎన్జీ, ఎల్పీజీ సంగతి వేరు. గ్యాస్ మిశ్రమంలో రవ్వ దూకడానికి పెట్రోలు కన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే గ్యాస్ బండ్లకు గ్యాప్ కాస్త తక్కువగా ఉంటుంది, ప్లగ్గులు తొందరగా మార్చాల్సి వస్తుంది. బయట కిట్ పెట్టించుకున్నవారు పెట్రోలు మీద బాగా నడుస్తూ గ్యాస్ మీద మాత్రం మిస్సింగ్ వస్తోందంటే మొదట అనుమానించాల్సింది ప్లగ్గులనే.

నల్గొండలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు తాకినప్పుడు గ్యాప్ తగ్గించాలన్న మాటకు ఆధారం లేదు. ప్లగ్గు కొన ఏ కాలంలోనైనా 450 డిగ్రీలకు పైన ఉంటేనే దానికి పట్టిన మసి కాలిపోయి శుభ్రపడుతుంది. అంత వేడిలో పనిచేసేదానికి బయటి ఎండ పది డిగ్రీలు పెరగడం లెక్కలోకి రాదు. ఎండాకాలం పికప్ తగ్గడానికి కారణం వేడిగాలి పలచబడటం, ఏసీ భారం.

కొలత, బిగింపు

సరైన అంకె బండితో వచ్చిన మాన్యువల్లో ఉంటుంది. కొన్ని ప్లగ్గుల పేరులోనే ఉంటుంది. ఎన్జీకే ప్లగ్గు మీద బీకేఆర్6ఈ-11 అని ఉంటే చివరి 11 అంటే 1.1 మిల్లీమీటర్లు. మధ్యలోని 6 గ్యాప్ కాదు, హీట్ రేంజ్, అంటే ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందో చెప్పే అంకె. ఈ కంపెనీలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది, బాష్‌లో అంకె పెరిగితే వేడిది. అంకెలు చూసి ఒక కంపెనీకి బదులు మరొకటి వేయడం అందుకే ప్రమాదం. పట్టిక చూసుకోవాలి.

ఇంజిన్ చల్లారాకే ప్లగ్గులు విప్పాలి. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్ మరలు దెబ్బతింటాయి. విప్పే ముందు ప్లగ్ గుంతలోని దుమ్మును గాలితో ఊదేయాలి. పత్తి మార్కెట్లు, క్రషర్ల దారుల్లో తిరిగే బండ్లలో ఆ గుంతలో పిడికెడు దుమ్ము ఉంటుంది, అది నేరుగా సిలిండర్‌లో పడుతుంది. గ్యాప్ మార్చేటప్పుడు కొక్కేన్ని మాత్రమే వంచాలి. మధ్య ఎలక్ట్రోడ్ మీద ఏదీ ఆనించి తన్నకూడదు, పింగాణి చిట్లుతుంది. ఇరిడియం కొన మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. గచ్చు మీద ఒక్క దెబ్బ తగిలితే విరుగుతుంది. పింగాణిని ఇనుప బ్రష్షుతో రుద్దినా తప్పే. బ్రష్షు వదిలిన లోహపు చారల మీదుగా కరెంటు లీకవుతుంది.

బిగించేటప్పుడు చివరి దాకా వేళ్లతోనే తిప్పాలి. వాషర్ ఉన్న కొత్త ప్లగ్గు చేతికి ఆగాక, 14 మిల్లీమీటర్ల మరకు పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు దాకా చాలు. పాత ప్లగ్గునే తిరిగి వేస్తే వాషర్ ముందే నలిగి ఉంటుంది, చుట్టులో పన్నెండో వంతు సరిపోతుంది.

ఇంత చేశాక కూడా ఘాట్‌లో కుదుపు పోకపోతే, గ్యాప్‌ను మళ్లీ మళ్లీ మార్చడంలో అర్థం లేదు. వానాకాలం రాత్రి చీకట్లో బానెట్ తెరిచి, చేతులు దూరంగా ఉంచి ఇంజిన్ నడిపితే, చిట్లిన తొడుగు దగ్గర సన్నని నీలి మెరుపు కనిపిస్తుంది. కాయిల్ నుంచి ప్లగ్గుకు చేరాల్సిన కరెంటు అక్కడే బయటికి పోతోంది. ఆ తొడుగో, కాయిలో మారిస్తే, పాత కొలత మీదే బండి సున్నిపెంట ఎక్కుతుంది.